వెనకసీటు మాట

కారు కొనదలచినవాడు పొరపాటున కూడా చెయ్యకూడని పని ఒకటుంది. ఆ సంగతి కాలేజీ స్టాఫ్ రూములో పైకి అనడం. నేను అన్నాను.

ఈ శీర్షిక చదివే మహాశయులకు మా స్టాఫ్ రూము కొత్త కాదు. కిటికీ పక్క బల్ల ఫిజిక్సు మేష్టారిది. సరిగ్గా ఫ్యాను కింద పడే కుర్చీ కామర్సు మేష్టారిది. ఆయన దాన్ని ఎలా సంపాదించారన్నది వేరే కథ. బీరువా పక్కన హిస్టరీ మేష్టారు. గుమ్మం దగ్గర లెక్కల మేడమ్ గారు, గంట కొట్టగానే అందరికన్నా ముందు క్లాసుకు వెళ్ళేది ఆవిడే కనక. నలుగురికీ కార్లంటే ప్రాణం. నలుగురిలో ఏ ఇద్దరికీ ఒకే కారు నచ్చదు. నాకంటారా, ప్రబంధాల్లో రథాలూ గుర్రాలూ తెలుసును గాని, బానెట్ ఎత్తితే లోపల ఏది ఏమిటో ఈనాటికీ తెలియదు.

"పాత కారు ఇచ్చేసి కొత్తది తీసుకుందామనుకుంటున్నానండీ. ఇంటిల్లిపాదికీ సరిపడేది ఏదన్నా చెప్పండి" అన్నాను, టీ గ్లాసు అందుకుంటూ.

ఆ టీ తాగలేదు. తాగే వ్యవధి ఎవరూ ఇవ్వలేదు.

"మేష్టారూ, కొనేరోజునే అమ్మేరోజు గుర్తు పెట్టుకోవాలి" అన్నారు కామర్సు మేష్టారు. పెళ్ళిపీటల మీద విడాకుల మాట ఎత్తినట్టుగా ఉందే అనుకున్నాను గాని, ఆయన అప్పటికే హాజరుపట్టీ వెనక పెన్సిలు పెట్టేశారు. "ఏడాదికి 12,000 కిలోమీటర్లనుకోండి. లీటరుకు 16 ఇచ్చే కారుకు 750 లీటర్లు, 20 ఇచ్చేదానికి 600. లీటరు 110 చొప్పున వెయ్యండి. తేడా 16,500 రూపాయలు. అయిదేళ్ళకు ఎంతయింది?"

నేను ఏడాదికి 6,000 దాటి తిరగనని మనవి చేశాను. ఆయన ఆ లెక్కను సగానికి కొట్టడానికి ఇష్టపడలేదు.

"అసలు ఆ 20 ఎవడిచ్చాడండీ?" అన్నారు ఫిజిక్సు మేష్టారు. "అది బండిని రోలర్ల మీద పెట్టి, గదిలో తోలి తీసిన లెక్క. సాయంకాలం ఆరింటికి బెంజిసర్కిల్లో ఏసీ వేసుకుని, అయిదుగురు మనుషులతో తోలి చెప్పమనండి. నిండా మనుషులుండగా దుర్గగుడి ఫ్లైఓవరు మూలుగు లేకుండా ఎక్కే ఇంజను కావాలి మనకి." ఆయన టార్కు అన్నారు, నిష్పత్తి అన్నారు. నల్లబల్ల లేకపోబట్టి బతికిపోయాను.

లెక్కల మేడమ్ గారు అప్పటిదాకా పేపర్లు దిద్దుతున్నారు. ఎర్రకలం మూసి, "గుద్దుకుంటే ఏమవుతుందో ఎవరూ అడగరేమండీ?" అన్నారు. ఆవిడ దగ్గర తేదీలున్నాయి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే అయిదు చిన్నకార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు గుద్దించి చూస్తే, అయిదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయట. మన దేశంలో తయారైన కారుకు మొదటిసారి అయిదు నక్షత్రాలు రావడానికి 2018 డిసెంబరు దాకా పట్టింది. 2023లో మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ అని సొంత పరీక్ష పెట్టింది. "సున్నా మార్కులు వచ్చినవాణ్ణి మనం పైక్లాసుకు పంపుతామా? మరి మీ అమ్మాయిని అటువంటి కారులో ఎలా ఎక్కిస్తారు?"

దీనికి జవాబు లేదు. ఆ నిశ్శబ్దంలోంచి హిస్టరీ మేష్టారి నిట్టూర్పు వినిపించింది.

"కారంటే అంబాసిడరేనండీ."

మిగతా ముగ్గురూ ఒక్కసారి నవ్వారు. ఆయనకు ఆ నవ్వు అలవాటే. ఇంగ్లీషువాడి మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును కలకత్తా దగ్గర ఉత్తరపారాలో మనవాళ్ళు అంబాసిడరు చేసిన వైనం, మంత్రులూ టాక్సీవాళ్ళూ ఒకే కారెక్కిన రోజులు, 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీ తలుపులు పడడం అన్నీ వరసగా చెప్పుకొచ్చారు. ఆ కాలంలోనూ ఈ తగాదా ఉండేదట. అంబాసిడరు గొప్పదా, ఫియట్ గొప్పదా అని. కలకత్తా టాక్సీవాడు అంబాసిడరు మీద ప్రమాణం చేస్తే, బొంబాయి టాక్సీవాడు ఫియట్ మీద చేసేవాడు. ఆ ఫియటే తరవాత ప్రీమియర్ పద్మిని అయింది. 2023 అక్టోబరుతో బొంబాయిలో పద్మిని టాక్సీల కథ కూడా ముగిసింది. ఇక 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ గారు మొదటి మారుతీ 800 తాళాలు అందించాక, ఫియట్ పక్షం, అంబాసిడరు పక్షం రెండూ ముసలిపక్షాలైపోయాయన్నారు ఆయన. "తేలిక బండి. తాళం తిప్పితే కదిలేది. కాదనను. కాని దాన్లో మనిషి కూర్చోడండీ, కూలబడతాడు."

కూలబడతాడన్న ఆ మాటకు అందరం మళ్ళీ నవ్వాం. నేనే కాస్త గట్టిగా నవ్వానేమో కూడా.

నవ్వాను గాని, అంబాసిడరు పేరు వింటే నాకొకటి కళ్ళముందు మెదులుతుంది. నాకు పదేళ్ళప్పుడు, 1990 ప్రాంతంలో, మా మేనత్త కూతురి పెళ్ళికి అద్దె అంబాసిడరు మాట్లాడారు. ముందు డ్రైవరుతో కలిపి నలుగురు, వెనక నలుగురు పెద్దవాళ్ళు, వాళ్ళ ఒళ్ళలో మేం ముగ్గురం పిల్లలం. గేరు స్టీరింగు పక్కనే ఉండేది కనక ముందు సీటు ఈ చివరినుంచి ఆ చివరిదాకా బల్లలా ఉండేది. మా నాయనమ్మకి అప్పటికి ఎనభై దాటాయి. ఆవిడ ఒకరి చెయ్యి ఆసరా అడగలేదు. తలుపు పట్టుకుని, మంచం మీద కూర్చున్నట్టు కూర్చుని, కాళ్ళు లోపలికి తీసుకుంది. అంతే.

ఆ సాయంకాలం ఇంట్లో ఈ చర్చంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. ఇంట్లో కారు తోలేది కూడా ఎక్కువగా తనే. బీన్సు తరుగుతూ అంతా విని, "ఏమండీ, మీ స్టాఫ్ రూములో మాట్లాడినవాళ్ళంతా ముందుసీట్లో కూర్చునేవాళ్ళే. వెనక కూర్చునేవాళ్ళ మాట ఎవరైనా చెప్పారా?" అంది.

వెనక కూర్చోవలసిన మనిషి అప్పుడు వసారాలో ఫోనులో మాట్లాడుతోంది. మా అమ్మకు డెబ్భై నాలుగు. అవనిగడ్డలో ఉన్న మా పిన్నికి డెబ్భై. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఇద్దరూ ఫోనులో కలుసుకుంటారు. మా ఇంటినుంచి అవనిగడ్డ కారులో రెండు గంటల ప్రయాణం. అయినా రెండేళ్ళయింది వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని. మాఘమాసంలో పిన్నికి కంటి ఆపరేషనయితే కూడా అమ్మ వెళ్ళలేదు. "నాకు కారు పడదురా అబ్బాయ్, కడుపులో తిప్పుతుంది" అంది. పెద్దతనం గదా అనుకున్నాను. మాత్ర తెచ్చిపెట్టాను. మాత్ర అలాగే ఉంది.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "నాయనమ్మకి తిప్పడమేం కాదు నాన్నా. ఆ కల్యాణమంటపం దగ్గర జరిగిందిగా. అప్పట్నుంచే ఎక్కడం లేదు" అంది.

ఏం జరిగిందని అడగబోయి ఆగాను. నాకే జ్ఞాపకం వచ్చింది.

గన్నవరం వైపు ఒక పెళ్ళికి వెళ్ళాం. మాది పొట్టికారు, పైగా పాతది, సీటు దిగబడిపోయింది. మంటపం గుమ్మంలో కారు ఆపాక అమ్మ దిగలేకపోయింది. మోకాళ్ళు ఎత్తున, నడుం పల్లాన. రెండుసార్లు లేవబోయి వెనక్కి పడింది. వెనక నాలుగు కార్లు ఆగి హారన్లు కొడుతున్నాయి. నేను రెండు చేతులూ పట్టి లాగాను, మా బావమరిది అటువైపునుంచి నెట్టాడు. జనం చూస్తున్నారు. ఆ ఇబ్బంది తేలిక చేద్దామని కాబోలు, "క్రేను పిలిపించాలేమోనమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. పవిట సర్దుకుంటూ అమ్మ కూడా నవ్వింది.

ఆ మాట అన్నవాణ్ణి నేనే. మరిచిపోయినవాణ్ణీ నేనే.

మర్నాడు స్టాఫ్ రూములో ఈ సంగతి చెప్పాను, క్రేను మాటతో సహా. ఎవరూ నవ్వలేదు. ఫిజిక్సు మేష్టారు కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. "కార్లు తయారుచేసేవాళ్ళు దీన్ని హెచ్ పాయింటంటారండీ. కూర్చున్న మనిషి తుంటి కీలు ఎక్కడుంటుందో ఆ బిందువు. అది నేలకు ఎంత ఎత్తున ఉంటే మనిషి అంత తేలిగ్గా లేస్తాడు. మరీ ఎత్తయితే ఎక్కలేడు. సీటు ఎంత పల్లమైతే, లేచేటప్పుడు ఒంటి బరువంతా అంతగా మోకాళ్ళ మీద పడుతుంది" అన్నారు. కాసేపాగి, "మా నాన్నగారికి కూడా ఇదే. మేం చివరికి టాక్సీలే పెద్దవి చూసి పిలవడం మొదలెట్టాం" అన్నారు. పన్నెండేళ్ళుగా పక్కపక్కన కూర్చుంటున్నాం. ఆయన తండ్రిగారి మోకాళ్ళ సంగతి నాకు అదే వినడం.

హిస్టరీ మేష్టారు మాత్రం, "కూలబడతాడని నేను చెప్పలేదూ?" అన్నారు, మెల్లిగా.

మా నాన్నగారి పట్టెమంచం ఒకటుంది. అమ్మ దాని మీదనుంచి ఎవరి సాయం లేకుండా లేస్తుంది. కొలిస్తే పరుపుతో కలిపి 24 అంగుళాలు. ఆ అంకె కాగితం మీద రాసుకుని, దర్జీవాడి టేపు జేబులో వేసుకుని షోరూములకు బయల్దేరాను.

షోరూము కుర్రాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. పాపం, మంచివాళ్ళే. కాని వాళ్ళకు నేర్పిన పాఠం వేరు. తెర ఎన్ని అంగుళాలో చెబుతారు, పాట ఎలా మోగుతుందో చెబుతారు. ఒక అబ్బాయి మీట నొక్కి కారు నడినెత్తిన కిటికీ తెరిచి చూపించాడు. ఎండలకు బ్లేజ్‌వాడ అని పేరుపడ్డ ఊళ్ళో, ఏప్రిల్ నెలలో, మధ్యాహ్నం పన్నెండింటికి! నేను టేపు తీసి వెనక సీటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చునేసరికి, ఈయన కారు కొనడానికి వచ్చాడా, కారుకు లాగు కుట్టడానికి వచ్చాడా అన్నట్టు చూశాడు.

నాలుగు శనివారాలు కొలిచాను. పొట్టికార్ల వెనకసీటు 20 అంగుళాల దగ్గరే ఆగింది. నీలుగుతూ నిలబడ్డ పెద్ద జీపు తరహా బండ్లు 30 దాటాయి; వాటికి పీట వెయ్యాలి. సీటు ఎత్తు ఒక్కటే చాలదని కూడా తెలిసింది. కారుకూ గడప ఉంటుంది. తలుపు తెరిస్తే కింద అడ్డంగా ఉండే ఆ అంచు వెడల్పయినదైతే, మోకాలు వంగనివాళ్ళు కాలెత్తి దాన్ని దాటించలేరు. తలుపు బార్లా తెరుచుకోవాలి. పైకప్పు వెనక్కి వాలిపోయి ఉంటే, అందంగా ఉంటుంది గాని, తల వంచుకుని దూరాలి. లోపల పైన పట్టుకోవడానికి పిడి ఉండాలి. ఇవేవీ ఆ రంగుకాగితాల్లో రాయరు. పొడవూ వెడల్పూ రాస్తారు, డిక్కీ ఎన్ని లీటర్లో రాస్తారు. సీటు నేలకెంత ఎత్తో నాకు దొరికిన కాగితాల్లో ఒక్కదాన్లోనూ లేదు.

ఎత్తు కుదిరినవి రెండు తేలాయి. ఒకటి 24, ఒకటి 26. సరిగ్గా మంచమంత ఉన్నదే చవక, మైలేజీ కూడా దానిదే ఎక్కువ. కామర్సు మేష్టారు సంతోషించారు. లెక్కల మేడమ్ గారు పరీక్ష ఫలితాలు తీసి దాని నక్షత్రాలు చూపించారు. తక్కువ. చాలా తక్కువ. రెండోదానికి నక్షత్రాలు బాగున్నాయి. ధర లక్షా అరవైవేలు ఎక్కువ. ఆ రెండింటి పేర్లూ ఇక్కడ రాయను. రాస్తే ఈ పత్రికాఫీసుకు మా కారు మంచిదంటూ వచ్చే ఉత్తరాలు మొయ్యడానికి ఇంకో కారు కావాలి.

మూడు రాత్రులు మా ఆవిడా నేనూ లెక్కలు వేసుకున్నాం. వరండాకు గ్రిల్లు పెట్టించాలన్నది వెనక్కి పోయింది. అయిదేళ్ళ అప్పు ఏడేళ్ళయింది. "అత్తయ్యగారు ఎక్కాలి. ఎక్కాక క్షేమంగా దిగాలి. రెండూ కావాలి గదా" అంది మా ఆవిడ, కాగితం మడిచేస్తూ.

ఇక్కడ డిక్కీ సంగతి చెప్పకపోతే కామర్సు మేష్టారు నొచ్చుకుంటారు. మన ఇళ్ళల్లో వాడే కార్లకు వెనకభాగం ఎందుకలా కత్తిరించినట్టుంటుందో ఆయనే చెప్పారు. 2006 బడ్జెట్లో ఒక రాయితీ పెట్టారు: నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలయితే 1200 సీసీ, డీజిలయితే 1500 సీసీ దాటకపోతే పన్ను తక్కువ. ఇంకేం, కంపెనీలన్నీ టేపు పట్టుకున్నాయి. 2008లో 4160 మిల్లీమీటర్ల పొడవుతో వచ్చిన డిజైర్ 2012లో 3995 మిల్లీమీటర్లయి కూర్చుంది. పోయిన ఆ జానెడు పొడవూ ఎక్కువగా డిక్కీలోంచే పోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మార్చినప్పుడు కూడా ఆ నాలుగు మీటర్ల గీత చెరగలేదు; దానికి లోపలివాటికి 18 శాతం. కొన్నేళ్ళ కిందట రతన్ టాటాగారు ఇండికా కారు తలపెట్టినప్పుడు, లోపల అంబాసిడరంత జాగా, ధర మారుతీ 800కి దగ్గరగా ఉండాలన్నారట. 1998 జనవరిలో ఆ కారు చూపించారు కూడా. ఇంటివాళ్ళ బాధ ఎరిగిన కోరికే అది. మేం ఎంచుకున్న కారు కూడా నాలుగు మీటర్ల గీతకు ఇటే ఉంది. రెండు పెట్టెలు పట్టే డిక్కీ.

అమ్మను షోరూముకు రమ్మంటే రాదు. అందుకని కారునే ఇంటికి తెప్పించాను. ఆదివారం పొద్దున్నే, వీధిలో జనం లేవకముందే. తెచ్చిన అబ్బాయి చేతిలో యాభై రూపాయలు పెట్టి, మలుపులో టీకొట్టుంది, నెమ్మదిగా తాగి రమ్మన్నాను.

"నాకెందుకురా ఇవన్నీ. మీరు తిరగండి, చాలు" అంది అమ్మ వసారాలోంచే. మా అమ్మాయి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. నేను కారుకు అవతలివైపుకు పోయి టైర్లు చూస్తున్నట్టు నిలబడ్డాను.

తలుపు చప్పుడయింది. కాసేపు ఏమీ వినిపించలేదు. తొంగి చూస్తే, వీపు సీటువైపు తిప్పి కూర్చుని, కాళ్ళు ఒకదాని తరవాత ఒకటి గడప దాటిస్తోంది. పిడి పట్టుకుని మళ్ళీ దిగింది. నిలబడింది. ఎవరూ ఏమీ అనకుండానే మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది.

"ఎంతట?" అంది.

మూడు లక్షలు తగ్గించి చెప్పాను.

"ఆ డబ్బుకు రెండు మోకాళ్ళూ కొత్తవి వేయించుకోవచ్చుగదరా, ఇంకా మిగులుతుంది" అంది. అని, మూడోసారి ఎక్కి కూర్చుంది.

వైశాఖంలో కారు ఇంటికొచ్చింది. మొదటి ప్రయాణం అవనిగడ్డకే. వెనక సీటు బెల్టు దగ్గర కొంచెం తగాదా జరిగింది. లెక్కల మేడమ్ గారు నా దగ్గర మాట తీసుకున్నారు: వెనక కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే నక్షత్రాలున్నా లేనట్టే, పైగా 2019 సవరణ చట్టం ప్రకారం వెయ్యి రూపాయలు జరిమానా. "గడ్డిమోపులా కట్టేస్తావేమిటే" అని అమ్మ గొణిగింది. పవిట నలగకుండా మా అమ్మాయే సర్ది పెట్టింది. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ దాటాం, పామర్రు దాటాం. చల్లపల్లి దాటాక మోపిదేవిలో ఆగుదామా అన్నాను, సుబ్రహ్మణ్యస్వామికి దణ్ణం పెట్టుకుంటుందని. "వచ్చేటప్పుడు పెట్టుకుందాంలే, ముందు పోనీ" అంది అమ్మ.

పిన్ని వీధి అరుగు మీదే నిలబడి ఉంది, నల్ల కళ్ళద్దాలతో. నేను తలుపు తెరిచి చెయ్యి అందించబోయాను. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. పక్కకు తప్పుకున్నాను. అమ్మ బెల్టు తీసుకుని, పిడి పట్టుకుని, ఒక కాలు, రెండో కాలు కింద పెట్టి, నిలబడి, పవిట సర్దుకుంది. పిన్ని కళ్ళద్దాలు తీసి చూసింది.

"నేనూ కూర్చుని చూస్తానే, అక్కా" అంది.

ఇద్దరూ ఎక్కారు. ఇటు తలుపు, అటు తలుపు తెరిచే ఉన్నాయి. ఆపిన కారులో, వేపచెట్టు కింద, వెనకసీట్లో కూర్చుని కబుర్లలో పడ్డారు. అన్నం చల్లారుతోందని బాబాయి రెండుసార్లు వచ్చి పిలిచాడు. రెండోసారి ఇక వాళ్ళను వదిలేసి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బానెట్ మీద చెయ్యి వేసి, "ఎంతిస్తుందిరా?" అన్నాడు.

నేను చూడలేదు.